తాళంచెవికి పళ్ళు

ఊళ్ళు తిరిగేవాళ్ళు కొందరు నాణేలు పోగేస్తారు.
నాకు లైబ్రరీల పిచ్చి.
హెల్సింకీలో లైబ్రరీలోనే కుట్టుమిషన్లుంటే
ఒక్క పుస్తకమూ ముట్టకుండా
ఊడిన చున్నీ అంచు కుట్టుకుని వచ్చాను.
లిస్బన్‌లో ఒకచోట దగ్గు వచ్చింది,
చలువరాతి మెట్లన్నీ నాతో పాటు దగ్గాయి.
అవన్నీ ఫోటోల్లో ఉన్నాయి.

చింగెట్టిలో ఫోటో వద్దన్నాడు యహ్దీహ్.
"ముందు టీ."
బండిలో వచ్చినవాళ్ళందరూ ఒంటెలెక్కడానికి పోయారు.
డ్రైవర్ ములాయ్ ఒక్కడే మిగిలాడు,
ఆయన మాటను ఫ్రెంచిలోకి,
నా వచ్చీరాని ఫ్రెంచిని మళ్ళీ ఆయన మాటలోకి
గ్లాసులోంచి గ్లాసులోకి టీ వంచినట్టు
నురగ వచ్చేదాకా వంచుతూ.

మూడో గ్లాసు అయ్యాక లేచాడు.
తాళంచెవి చెక్కది.
మూరెడు కర్ర, కొసన నాలుగు పళ్ళు,
మిగతావి విరిగిపోయిన దువ్వెనలా.
తలుపు పక్క చిల్లులో మోచేతిదాకా చెయ్యి దూర్చి
లోపల ఎవరినో నిద్ర లేపుతున్నట్టు తడిమాడు.
ఒక్క పంటికీ తొందర లేదు.

గది అటకంత. అటక మీది చీకటే.
అట్టపెట్టెల్లో, రేకు డబ్బాల్లో
(ఒక డబ్బా మీద పాలపొడి తాగే పాప నవ్వుతోంది)
నూట పన్నెండు పుస్తకాలు.
మేకతోలు అట్టలు. కొన్నింట్లో
పేజీ నుంచి పేజీకి చెదల దారులు,
అర్థం అడక్కుండా ఆసాంతం చదివినవాళ్ళవి.
సిరా దేంతో చేస్తారని అడిగాను.
బొగ్గు, నీళ్ళు, ఇంకేదో.
ఆ ఇంకేదో నాకు ఏ భాషలోనూ అందకపోతే
ములాయ్ బయటికెళ్ళి చెట్టు నుంచి గిల్లి తెచ్చాడు.
తుమ్మబంక!
నాలిక్కి తగిలించుకుంటే
బడిలో చిరిగిన మ్యాపు అంటించిన రుచి.

అరలో ఒకచోట ఖాళీ.
జానెడు. దుమ్ము తుడిచి ఉంది.
చుక్కల లెక్కల పుస్తకం ఉండేదట అక్కడ.
యహ్దీహ్ తాతకి తాత
ఉప్పు బిడారుతో పోయే ఒకతనికి అరువిచ్చాడు.
వానలు పడగానే తెచ్చిస్తానన్నాడట.
పద్దులో పేరుంది, తేదీ ఉంది.
ఏ వానలో లేదు.

మా ఇంట్లో అయితే ఆ జాగాలో
ఈపాటికి మిక్సీ కూర్చునేది.

"ఇంకా వస్తుందనుకుంటున్నారా?"
ఈ ఒక్క ప్రశ్న ములాయ్ అటు చేరవెయ్యలేదు.
తలపాగా సర్దుకుని గుమ్మం కేసి చూశాడు.

కూతురు నెబ్గూహా వచ్చింది,
నీలం మెలహ్ఫా కొస పళ్ళతో పట్టుకుని,
రెండు చేతులా ఫోను పట్టుకుని.
ఫోటోలు తియ్యడం ఆమె పని, ఆమె ఒక్కదానిదే.
రోజుకి నాలుగు పేజీలు,
ఇసుక గాలి లేని రోజు
కిటికీలోంచి ఎండ తిన్నగా పడే పావుగంటలో.
మూడేళ్ళలో ఏడు పుస్తకాలు అయ్యాయి.
ఖాళీని కూడా తీసింది.
దానికీ ఒక నంబరు ఇచ్చింది.

వచ్చినవాళ్ళు సంతకం పెట్టే పుస్తకం ఇస్తే
తెలుగులో రాశాను, పేజీ నిండా.
నెబ్గూహా ఒక్కో అక్షరం చుట్టూ వేలు తిప్పి
"వీటికి మూలల్లేవే,
ఇసుక ఎక్కడ నిలుస్తుంది?" అంది.
ఏం రాశావని అడిగాడు ముసలాయన.
చాలా బాగుంది, మళ్ళీ వస్తాను, అని చెప్పాను.

అబద్ధం.
నేను రాసింది నా బీరువాలో
చీరల కింద ఉన్న ఒక పుస్తకం సంగతి.
లోపల ఊదారంగు ముద్ర,
పద్నాలుగు రోజుల్లో తిరిగి ఇవ్వవలెనని చీటీ,
ఇరవై ఆరేళ్ళు.
ఆ లైబ్రరీ పేరు రాశాను. పుస్తకం నంబరు రాశాను.
ఇచ్చేస్తానని మాత్రం రాయలేదు.
ఇక్కడెవరు చదువుతారులే అని
తప్పుల్లేకుండా, గుండ్రంగా రాశాను.

నెబ్గూహా పుస్తకాన్ని ఎండలోకి జరిపింది.
ఫోను పైకెత్తి ఊపిరి బిగబట్టింది.
మళ్ళీ దించి,
"కొంచెం పక్కకి జరగండి," అంది,
"అక్షరాల మీద మీ నీడ పడుతోంది."